మీ ఎక్స్‌రే మీద నంబర్లు, కోడ్‌లు ఏం చెబుతాయి? పశ్చిమ ప్రకాశం వాసులు వాటిని ఎందుకు దాచుకోవాలి?

గిద్దలూరులో తీసిన ఎక్స్‌రేను మార్కాపురంలో చూపించాల్సి వస్తుంది. అక్కడి నుంచి ఒంగోలుకో, గుంటూరుకో, కర్నూలుకో రాసిస్తే అక్కడా చూపించాలి. ఎక్కడికి వెళ్లినా డాక్టర్ ముందుగా అడిగేది ఒకటే: "పాత ఎక్స్‌రే ఉందా?"

చాలామంది ఫోన్ తీస్తారు. కిటికీ వెలుతురులో పట్టుకుని తీసిన ఫిల్మ్ ఫొటో చూపిస్తారు. అది ఎవరిదో, ఏ రోజు తీసిందో, కుడి చేయో ఎడమ చేయో అందులో కనిపించదు. దాంతో డాక్టర్ మళ్లీ ఎక్స్‌రే రాస్తారు.

కాలు బెణికిన కేసులో దీనివల్ల పోయేది కాస్త సమయం, కాస్త డబ్బు. కానీ మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం, పొదిలి, కనిగిరి ప్రాంతాల్లో అంతకంటే పెద్ద సమస్యలున్నాయి. ఒకటి ఎముకలను వంచే ఫ్లోరైడ్ నీళ్లు. రెండోది రాయి కోసే చోట ఊపిరితిత్తుల్లో చేరే దుమ్ము. ఈ రెండూ ఏళ్ల తరబడి లోలోపల పనిచేస్తాయి. పదేళ్ల కిందటి ఎక్స్‌రే పక్కన ఇప్పటిది పెట్టి చూస్తేనే రోగం ఎంత ముదిరిందో తెలుస్తుంది. ఆ పాత ఎక్స్‌రే దొరకాలంటే దాని నంబర్ కావాలి. అది లెక్కలోకి రావాలంటే దాని కోడ్ సరిగ్గా ఉండాలి.

ఇంతకీ ఈ నంబర్లు ఏమిటి? కోడ్‌లు ఎవరు వేస్తారు? మన రికార్డు మనకు ఇవ్వాల్సిందేనా?

ఒక్క ఎక్స్‌రేకు ఎన్ని నంబర్లు?

ఓపీ కౌంటర్‌లో ఇచ్చే చీటీ మీద ఓపీ నంబర్ ఉంటుంది. వార్డులో చేరితే ఐపీ నంబర్ ఇస్తారు. ఎక్స్‌రే గదిలోకి వెళ్లాక మూడో నంబర్ వస్తుంది. అదే ఎక్స్‌రే నంబర్. రిజిస్టర్ రాసే చోట తేదీ పక్కన వరుస క్రమంలో దీన్ని వేస్తారు. కంప్యూటర్ వ్యవస్థ ఉన్నచోట దీన్నే యాక్సెషన్ నంబర్ అంటారు.

ఈ మూడింటికీ తేడా ఉంది. ఓపీ, ఐపీ నంబర్లు మీరు ఆసుపత్రికి వచ్చిన సంగతిని చెబుతాయి. ఎక్స్‌రే నంబర్ ఆ ఒక్క పరీక్షను చెబుతుంది. ఒకే రోజు ఛాతీకి ఒకటి, మోకాలికి ఒకటి తీస్తే రెండు వేర్వేరు నంబర్లు పడవచ్చు. ఆర్నెల్ల తర్వాత వెళ్లి "నా ఎక్స్‌రే కావాలి" అని అడిగితే సిబ్బంది వెతకాల్సింది ఈ నంబర్‌తోనే. పేరుతో వెతకడం ఎంత కష్టమో మార్కాపురంలో ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. చెన్నకేశవస్వామి వెలసిన ఊరు కాబట్టి చెన్నకేశవులు, చెన్నయ్య, చెన్నమ్మ అనే పేర్లు ఏ రిజిస్టర్‌లో చూసినా పేజీకి ఇద్దరు ముగ్గురు ఉంటారు.

డిజిటల్ ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్‌ఐ యంత్రాల్లో ఈ వివరాలన్నీ బొమ్మతో పాటే ఫైల్ లోపల ఉంటాయి. దీనికి ప్రపంచమంతా వాడే ప్రమాణం పేరు డైకామ్. అమెరికాలో రేడియాలజిస్టుల సంఘం, పరికరాల తయారీదారుల సంఘం కలిసి 1985లో తెచ్చిన ప్రమాణం ఇది. 1993 నుంచి డైకామ్ అనే పేరుతో నడుస్తోంది. రోగి పేరు, ఐడీ, పుట్టిన తేదీ, పరీక్ష తేదీ, సమయం, ఏ భాగానికి తీశారు, ఏ యంత్రంతో తీశారు అన్న వివరాలకు ఇందులో విడివిడిగా గడులు ఉంటాయి. ఉత్తరం కవరు మీద చిరునామా లాంటివి ఇవి. బొమ్మలన్నింటినీ దాచే సర్వర్ వ్యవస్థను పాక్స్ అంటారు.

ఫోన్‌లో తీసిన ఫొటోతో ఈ చిరునామా మొత్తం పోతుంది. దాంతోపాటు బొమ్మ నాణ్యత కూడా. 12 బిట్ల డిజిటల్ ఎక్స్‌రేలో నలుపు నుంచి తెలుపు దాకా 4,096 ఛాయలు ఉంటాయి. మామూలు ఫొటోలో మిగిలేవి 256. ఊపిరితిత్తిలో మిల్లీమీటరు సైజు మచ్చను వెతికే డాక్టర్‌కు ఈ తేడా చాలా పెద్దది.

'కోడ్' అంటే ఏమిటి?

రేడియాలజీ విభాగంలో కోడ్ అనే మాటను మూడు రకాలుగా వాడతారు.

మొదటిది యంత్రం కోడ్. ఫిల్మ్ మూలన, సీడీ కవరు మీద కనిపించే రెండక్షరాలు ఇవే. సీఆర్, డీఎక్స్ అంటే డిజిటల్ ఎక్స్‌రేలో రెండు రకాలు. సీటీ అంటే సీటీ స్కాన్, ఎంఆర్ అంటే ఎంఆర్‌ఐ, యూఎస్ అంటే అల్ట్రాసౌండ్, ఎంజీ అంటే రొమ్ముకు తీసే మామోగ్రామ్.

రెండోది రోగం కోడ్. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఐసీడీ పట్టికలో ప్రతి రోగానికీ ఒక అక్షరం, కొన్ని అంకెలు ఉంటాయి. పదో కూర్పును 1990లో ఆమోదించారు. పదకొండో కూర్పు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అయినా మన ఆసుపత్రుల్లో ఇప్పటికీ ఎక్కువగా కనిపించేది పదో కూర్పు కోడ్‌లే.

మూడోది పథకం కోడ్. ఎన్టీఆర్ వైద్యసేవ కింద చేసే ఒక్కో చికిత్సకు ఒక్కో ప్యాకేజీ కోడ్ ఉంటుంది. ఆసుపత్రికి డబ్బు వచ్చేది దాని ఆధారంగానే.

పశ్చిమ ప్రకాశంలో ఎక్స్‌రేతో ముడిపడిన కొన్ని ఐసీడీ కోడ్‌లు ఇవి:

• ఎస్52: ముంజేతి ఎముక విరగడం

• ఎస్72: తొడ ఎముక విరగడం

• ఎం25.5: కీళ్ల నొప్పి

• ఎం85.1: ఎముకల ఫ్లోరోసిస్

• ఆర్91: ఊపిరితిత్తిలో అసాధారణ నీడ, కారణం ఇంకా తేలలేదు

• ఏ15, ఏ16: శ్వాసకోశ టీబీ. పరీక్షలో క్రిమి బయటపడితే ఏ15, ఆ నిర్ధారణ లేకపోతే ఏ16

• జె62.8: సిలికా దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు

కోడ్‌ను ఎవరు వేస్తారు?

ఎక్స్‌రే తీసేది టెక్నీషియన్. దాన్ని చూసి రిపోర్ట్ రాయాల్సింది రేడియాలజిస్టు. ఆ రిపోర్ట్ చూసి రోగం ఇదీ అని తేల్చేది చికిత్స చేసే డాక్టర్. వార్డులో చేరిన రోగి ఇంటికి వెళ్లాక కేస్ షీట్ మెడికల్ రికార్డుల విభాగానికి చేరుతుంది. డాక్టర్ రాసిన చివరి నిర్ధారణను బట్టి అక్కడి సిబ్బంది కోడ్ వేస్తారు.

అంటే కోడ్ వేసే మనిషి ఎక్స్‌రే చూడరు. కాగితం మీద ఉన్న మాటనే చూస్తారు. రిపోర్ట్‌లో స్పష్టంగా లేనిది, కేస్ షీట్‌లో రాయనిది కోడ్‌లోకి రాదు. ఎక్స్‌రేలో ఫ్లోరోసిస్ కనిపించినా కేస్ షీట్‌లో 'కీళ్ల నొప్పులు' అని ఊరుకుంటే పడే కోడ్ ఎం25.5. అప్పుడు ప్రభుత్వ లెక్కల్లో అది మామూలు కీళ్ల నొప్పి అయిపోతుంది.

చిన్న ఆసుపత్రుల్లో ఇంకో చిక్కు ఉంది. రేడియాలజిస్టు లేనిచోట ఫిల్మ్‌ను డ్యూటీ డాక్టరే చూసి మందులు రాసేస్తారు. లేదంటే బొమ్మను ఆన్‌లైన్‌లో వేరే ఊరిలోని రేడియాలజిస్టుకు పంపి రిపోర్ట్ తెప్పిస్తారు. దీన్నే టెలీరేడియాలజీ అంటారు. మొదటి పద్ధతిలో విడిగా రిపోర్ట్ ఉండదు. డాక్టర్ ఓపీ చీటీ మీద రాసిన ఒకటి రెండు మాటలే రికార్డు. అలాంటప్పుడు ఆ చీటీని మందులు అయిపోగానే పారేయకూడదు.

ఫ్లోరైడ్: ముంజేతి ఎక్స్‌రే చెప్పే కథ

దేశంలో ఫ్లోరోసిస్‌ను మొట్టమొదట శాస్త్రీయంగా నమోదు చేసింది ఈ ప్రాంతంలోనే. 1937లో షార్ట్ బృందం ప్రచురించిన పరిశోధన పత్రాల్లో 'నెల్లూరు జిల్లా' అని ఉంటుంది. కనిగిరి, పొదిలి ప్రాంతాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డాక ఇవన్నీ ఒకే జిల్లా కిందికి వచ్చాయి. 1972లో ఆ జిల్లాకే ప్రకాశం పేరు పెట్టారు.

భారత ప్రమాణాల సంస్థ లెక్క ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుంటుంది. మొదట్లో నడుం పట్టేయడం, మెడ తిరగకపోవడం, మోకాళ్ల నొప్పులు ఉంటాయి. వయసు మీద పడిందనో, పొలం పని వల్లనో అనుకుంటారు.

ఇక్కడ ఎక్స్‌రే పని మొదలవుతుంది. ముంజేతిలో రెండు ఎముకలుంటాయి. వాటి మధ్య పలుచని పొర ఉంటుంది. ఫ్లోరోసిస్‌లో ఆ పొర గట్టిపడి ఎముకలా మారుతుంది. ఎక్స్‌రేలో ఎముక అంచున ముళ్లలాగా కనిపిస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2008-09లో మొదలుపెట్టిన జాతీయ ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం కూడా ఎముకల ఫ్లోరోసిస్‌ను నిర్ధారించడానికి మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్షతో పాటు ఈ ముంజేతి ఎక్స్‌రేనే ఆధారంగా తీసుకుంటుంది.

నొప్పి మోకాలిలో ఉందని మోకాలికే ఎక్స్‌రే తీసి పంపిస్తే ఈ గుర్తు దొరకకపోవచ్చు. అందుకే డాక్టర్‌కు మీ ఊరు, మీరు తాగే బోరు నీటి సంగతి చెప్పడం ముఖ్యం. చీటీ మీద ఆ వివరం పడితే ముంజేతికి కూడా ఎక్స్‌రే తీయాలన్న ఆలోచన వస్తుంది. రిపోర్ట్‌లో ఫ్లోరోసిస్ అన్న మాట పడితే ఎం85.1 కోడ్ పడుతుంది. ఒకే ఊరి నుంచి ఆ కోడ్ పదే పదే కనిపిస్తే నీటి పథకం కోసం అడిగేవారి చేతిలో ఆధారం ఉంటుంది.

నడవలేని స్థితిలో సదరం శిబిరానికి వెళ్లేవారికీ ఇది అవసరమే. వైకల్య శాతం తేల్చేటప్పుడు ఫిల్మ్‌లు, రిపోర్టులు, తేదీలు చేతిలో ఉంటే వంగిన నడుము వెనుక ఉన్న కారణాన్ని వైద్యుడికి చూపించవచ్చు.

రాతి దుమ్ము: పెన్సిల్‌తో వేసే కోడ్

మార్కాపురం అంటే పలకలు. రాయి తవ్వడం, కోయడం, అరగదీయడం, అన్ని దశల్లోనూ దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ములో సిలికా ఉంటే ఏళ్ల తరబడి పీల్చినవారికి సిలికోసిస్ వచ్చే ప్రమాదం ఉంది. క్వారీ, సొరంగం తవ్వకం, రాళ్ల మిల్లు పనులకూ ఇదే వర్తిస్తుంది. దీర్ఘకాలిక సిలికోసిస్ సాధారణంగా పదేళ్లో, అంతకంటే ఎక్కువో దుమ్ములో పనిచేశాక బయటపడుతుంది. అప్పటికి పని మానేసినవారూ ఉంటారు.

ఛాతీ ఎక్స్‌రేలో సిలికోసిస్ మచ్చలు, టీబీ మచ్చలు రెండూ ఎక్కువగా ఊపిరితిత్తుల పైభాగంలోనే కనిపిస్తాయి. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం కూడా రెండింటిలోనూ ఉండొచ్చు. పైగా సిలికోసిస్ ఉన్నవారికి టీబీ వచ్చే అవకాశం ఎక్కువ. రోగి ఏ పని చేసేవారో తెలియకపోతే డాక్టర్ ఆలోచన టీబీ వైపే వెళ్తుంది. నెలల తరబడి టీబీ మందులు వాడినా ఆయాసం తగ్గకపోతే అప్పుడు పాత ఎక్స్‌రే కోసం వెతుకులాట మొదలవుతుంది.

దుమ్ము వల్ల వచ్చే జబ్బుల ఎక్స్‌రేలు చదవడానికి అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రత్యేకంగా ఒక కోడ్ పద్ధతి తెచ్చింది. ప్రామాణిక ఫిల్మ్‌లను పక్కన పెట్టుకుని పోల్చి చూస్తారు. గుండ్రటి చిన్న మచ్చలకు పీ, క్యూ, ఆర్ అనే అక్షరాలు వేస్తారు. 1.5 మిల్లీమీటర్ల దాకా పీ, అక్కడి నుంచి 3 దాకా క్యూ, 3 నుంచి 10 దాకా ఆర్. మచ్చలు ఎంత దట్టంగా ఉన్నాయన్నదానికి 12 మెట్ల కొలత ఉంది. 1/0 అని రాస్తే అర్థం: ఒకటో తరగతి అని తేల్చారు, సున్నా కావచ్చని కూడా గట్టిగా ఆలోచించారు. అంటే చదివిన డాక్టర్‌కు ఉన్న అనుమానాన్ని కూడా ఈ కోడ్ నమోదు చేస్తుంది.

ఇదంతా ఎందుకంటే, సిలికోసిస్ చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో ఉండేది. 2020 వృత్తి భద్రత కోడ్‌లోనూ ఉంది. దాన్ని గుర్తించిన డాక్టర్ అధికారులకు తెలియజేయాలి. కార్మికుడికి పరిహారం అడిగే హక్కు ఉంటుంది. కానీ ఆర్91 అనో, ఏ16 అనో ముగిసిపోయిన రికార్డుతో పరిహారం అడగడం కష్టం.

రికార్డు ఆయుష్షు ఎంత?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. భారత వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ల రికార్డులను డాక్టర్లు చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు దాచాలి. అంతకు మించి దాచే ఆసుపత్రులు ఉండొచ్చు. కానీ ఓపీలో తీయించుకున్న ఎక్స్‌రేకు అంత భరోసా కూడా లేదు. ఫిల్మ్ రోజుల్లో చాలా ఆసుపత్రులు పాత ఫిల్మ్‌లను వేలం వేసేవి. వాటిలో వెండి ఉంటుంది కాబట్టి కొనేవాళ్లు ఉండేవారు. డిజిటల్ వచ్చాక సర్వర్ నిండితే పాతవి తీసేయక తప్పని పరిస్థితి వస్తుంది.

రోగమేమో పదేళ్లు, ఇరవై ఏళ్లు నడుస్తుంది. రికార్డుకు చట్టం ఇచ్చిన కనీస ఆయుష్షు మూడేళ్లు. మధ్యలో మిగిలిన ఏళ్లకు ఆ రికార్డును కాపాడాల్సింది రోగి, రోగి కుటుంబమే. ఊళ్లో ఉన్న తల్లిదండ్రుల ఫైళ్లు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో ఉన్న పిల్లల ఫోన్లలో భద్రంగా ఉండాల్సింది అందుకే.

కేసులున్నచోట ఎక్స్‌రే సాక్ష్యం

రోడ్డు ప్రమాదం, కొట్లాట కేసుల్లో ఆసుపత్రి ఎంఎల్‌సీ నమోదు చేస్తుంది. అంటే మెడికో లీగల్ కేసు. దానికి విడిగా రిజిస్టర్, విడిగా నంబర్ ఉంటాయి. ఆ నంబర్ ఎక్స్‌రే మీద, రిపోర్ట్ మీద కూడా ఉండాలి.

ఇందులో ఒక్క ఎక్స్‌రే కేసు బరువునే మార్చేస్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం ఎముక గానీ పన్ను గానీ విరిగినా, స్థానం తప్పినా అది తీవ్ర గాయం. కావాలని మామూలు గాయం చేస్తే ఏడాది వరకు జైలు. తీవ్ర గాయం చేస్తే ఏడేళ్ల వరకు. పోలీసులకు వెళ్లే ఊండ్ సర్టిఫికెట్‌లో డాక్టర్ ఏది రాస్తారన్నది ఎక్స్‌రే మీద ఆధారపడుతుంది. ఫిల్మ్ మీద పేరు తప్పయినా, కుడి ఎడమల గుర్తు లేకపోయినా కోర్టులో "ఇది ఈ మనిషిది కాదు" అనే వాదనకు తావు దొరుకుతుంది. మోటారు ప్రమాద పరిహారం కేసుల్లోనూ ఇంతే.

గర్భిణి స్కానింగ్ రికార్డు

రేడియాలజీలో చట్టం అన్నింటికంటే గట్టిగా పట్టుకున్న రికార్డు ఇదే. 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం కింద గర్భిణికి చేసే ప్రతి స్కానింగ్‌కూ ఫారం ఎఫ్ నింపాలి. ఎవరు పంపారు, ఎందుకు చేశారు, ఏం తేలింది అన్నవి అందులో ఉంటాయి. శిశువు ఆడో మగో తెలుసుకోబోనని గర్భిణి, చెప్పలేదని డాక్టర్ సంతకం చేస్తారు. ఈ రికార్డులు రెండేళ్లు దాచాలి. కేసు నడుస్తుంటే అది తేలేదాకా దాచాలి. ప్రతి నెలా 5వ తేదీలోగా జిల్లా అధికారులకు నివేదిక పంపాలి. ఫారం సరిగ్గా నింపకపోవడాన్ని గుమస్తా పొరపాటుగా తీసిపారేయలేమని 2019లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి స్కానింగ్ కేంద్రంలో ఇన్ని వివరాలు ఎందుకు అడుగుతున్నారని విసుక్కోవద్దు. ఖాళీ ఫారం మీద మాత్రం సంతకం పెట్టొద్దు.

పథకంలో ఎక్స్‌రే పాత్ర

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా ఉన్న పథకంలో ఆపరేషన్‌కు ముందు అనుమతి తీసుకోవాలి. అందుకోసం పరీక్షల రిపోర్టులు అప్‌లోడ్ చేస్తారు. ఎముకల ఆపరేషన్ అయితే, రాడ్డు వేశాక తీసిన ఎక్స్‌రే కూడా పెడతారు. కార్డు మీద ఒక పేరు, ఎక్స్‌రే మీద ఇంకో పేరు ఉంటే ఫైల్ వెనక్కి వస్తుంది. మన పేర్లతో ఇది తేలిగ్గా జరిగే తప్పే. ఆధార్‌లో ఇంటిపేరు ముందు ఉంటుంది. ఓపీ చీటీ మీద పిలిచే పేరు రాస్తారు. ఫిల్మ్ మీద పొడి అక్షరాలు పడతాయి. సమస్య వస్తే ఆసుపత్రిలోని వైద్యమిత్రను గానీ, 104 నంబర్‌ను గానీ సంప్రదించవచ్చు.

కౌంటర్ వదిలే ముందు చూసుకోవాల్సినవి

• పేరు, వయసు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా?

• తేదీ, ఎక్స్‌రే నంబర్ ఫిల్మ్ మీద, రిపోర్ట్ మీద ఒకటేనా?

• కుడి లేదా ఎడమ గుర్తు ఉందా? తీసిన వైపే రాశారా?

• రిపోర్ట్ కింద డాక్టర్ పేరు, సంతకం ఉన్నాయా?

• ఎంఎల్‌సీ కేసయితే ఆ నంబర్ వేశారా?

తప్పు కనిపిస్తే అక్కడే చెప్పండి. అప్పుడయితే రిజిస్టర్‌లో సరిదిద్ది సంతకం చేయడం నిమిషాల పని. ఆర్నెల్ల తర్వాత దానికి దరఖాస్తు పెట్టుకోవాలి.

ఎలా దాచుకోవాలి?

సీడీ ఇస్తే ఇంటికి రాగానే అందులోని ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి, ఆన్‌లైన్ స్టోరేజీలోకి ఎక్కించండి. సీడీ పెట్టే కంప్యూటర్లు తగ్గిపోతున్నాయి. ఫిల్మ్ మాత్రమే ఇస్తే ఎండ, వేడి తగలని చోట కవరులోనే ఉంచండి. ఇప్పుడు చాలాచోట్ల వచ్చే థర్మల్ ఫిల్మ్‌లు వేడికి నల్లబడతాయి. రేకుల ఇంటి అటక మీద పెడితే వేసవి దాటడం కష్టం. ఫొటో తీసేటప్పుడు ఫిల్మ్ నాలుగు మూలలూ, అక్షరాలూ వచ్చేలా తీయండి. రిపోర్ట్‌ను విడిగా స్కాన్ చేయండి. ఫైల్ పేరులో తేదీ, ఆసుపత్రి ఉన్న ఊరు, ఎక్స్‌రే నంబర్ రాసుకోండి. ఇక గ్రహణం చూడటానికి పాత ఎక్స్‌రే ఫిల్మ్ తీయకండి. అది కంటికి రక్షణ ఇవ్వదు.

14 అంకెల ఆభా నంబర్ ఉంటే రిపోర్టులను దానికి జత చేయించుకోవచ్చు. 2021 సెప్టెంబర్‌లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో ఇది భాగం. మీ అనుమతితోనే ఇంకో ఆసుపత్రి వాటిని చూడగలదు. అయితే ఆసుపత్రి ఆ రిపోర్ట్‌ను నిజంగా ఎక్కించిందో లేదో యాప్‌లో చూసుకోవాలి. నంబర్ ఉన్నంత మాత్రాన ఎక్స్‌రే దానంతట అది వచ్చి చేరదు.

పాతవి దాచుకుంటే ఇంకో లాభం కూడా ఉంది. ఛాతీ ఎక్స్‌రేతో శరీరానికి తగిలే రేడియేషన్ సాధారణంగా 0.1 మిల్లీసీవర్ట్ లోపే. ప్రకృతి నుంచి మనకు ఏడాదికి వచ్చేది ప్రపంచ సగటున 2.4. కాబట్టి ఒక ఎక్స్‌రేకు భయపడక్కర్లేదు. ఛాతీ సీటీ స్కాన్ మాత్రం 7 దాకా ఉంటుంది. పాత సీటీ చూపిస్తే కొన్నిసార్లు కొత్తది అవసరం పడదు.

ఆసుపత్రి ఇవ్వనంటే?

రోగి గానీ, రోగి అనుమతి ఉన్న వ్యక్తి గానీ అడిగితే వైద్య రికార్డులను 72 గంటల్లోగా ఇవ్వాలని అవే 2002 నిబంధనలు చెబుతున్నాయి. నోటి మాటగా కాకుండా సూపరింటెండెంట్ పేరిట కాగితం రాసి, రెండో ప్రతిపై అందినట్టు ముద్ర వేయించుకోండి. అందులో ఓపీ లేదా ఐపీ నంబర్, ఎక్స్‌రే నంబర్, తేదీ రాయండి. ఎంఎల్‌సీ అయితే అసలు ఫిల్మ్‌ను ఆసుపత్రి దగ్గరే ఉంచుకోవచ్చు. మీరు నకలు అడగండి.

ప్రభుత్వ ఆసుపత్రి స్పందించకపోతే సమాచార హక్కు చట్టం, 2005 కింద అక్కడి పౌర సమాచార అధికారికి దరఖాస్తు చేయొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలి. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారు రుసుము కట్టనక్కర్లేదు.

చివరగా, ఓపీ కౌంటర్‌లో ఏం పని చేస్తారని అడిగితే 'కూలీ' అని సరిపెట్టొద్దు. పలకల కోత మిషన్ మీద పన్నెండేళ్లు, క్వారీలో ఎనిమిదేళ్లు, ఫలానా ఊరి బోరు నీళ్లు ఇరవై ఏళ్లు అని చెప్పండి. ఎవరూ అడగకపోతే మీరే చెప్పి చీటీ మీద రాయించండి. ఎక్స్‌రేలో కనిపించే నీడ ఎక్కడి నుంచి వచ్చిందో యంత్రం చెప్పలేదు. ఆ ఒక్క లైను రాసి ఉంటే డాక్టర్ చెప్పగలరు.